చెవి మేస్త్రి తీసేసిన స్పీకర్లు

మోటారు సైకిళ్ళకు పాటలు బిగించే షాపులు ఆ వీధిలో బోలెడున్నాయి గానీ, జేబులో ఎక్కువ డబ్బు లేనివాళ్ళు మాత్రం ఎవరినీ అడక్కుండా నేరుగా వీధి చివరి రేకుల షెడ్డుకే పోయేవారు. అక్కడ చెవి మేస్త్రి ఉంటాడు. ఆయనకా పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. పెట్టినవాడు మాత్రం ఊరికే పెట్టలేదు. మిగతా షాపుల వాళ్ళు బండి స్టాండు వేసేలోపే స్పీకర్లు మార్చాలి, శబ్దం పెంచే ఆంప్ మార్చాలి, వైర్లన్నీ పీకెయ్యాలి అని దండకం చదివేస్తారు. ఈయన అలా కాదు. బండి ముందు ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని ఒక పాట మొత్తం వింటాడు. ఆ తర్వాత వేలు పెట్టి ఒకే ఒక్క చోట చూపిస్తాడు.

"ఇదొక్కటీ మార్చుకో. మిగతావాటి జోలికి పోకు. డబ్బులు రోగం ఉన్నచోట పెట్టాలి గానీ ఒళ్ళంతా పూసుకుంటే ఎలా?" అంటాడు.

ఒక్కోసారి ఆ ఒక్కటీ కూడా ఉండదు. వైరు కొస తుప్పు పట్టి ఉంటుంది. గీకి మళ్ళీ బిగిస్తే చాలు, స్పీకరు గొంతు సవరించుకుని పాడుతుంది. కొన్ని బళ్ళలో స్పీకరుకీ దాని గూడుకీ మధ్య సందు ఉంటుంది. అక్కడ ఒక ఫోమ్ పట్టీ అంటించి, టీ తాగించి పంపేసేవాడు. దడదడలాడే బాస్ కావాలని వచ్చిన కుర్రకారుని కూర్చోబెట్టి, బండి మీద గాలి ముందు బాస్ నిలవదనీ, మాట స్పష్టంగా వినపడితే అదే పదివేలనీ నచ్చజెప్పేవాడు. అందుకే ఆయన మాటంటే జనానికి గురి. ఆయనకి కూడా తన మాటంటే చాలా గురి. కొంచెం ఎక్కువే అనాలి.

వైర్ల పనంతా బావమరిదిది. పేరుకే బావమరిది. అక్క పెళ్ళయిన కొత్తలో ఆమె వెంట వచ్చినవాడు మళ్ళీ వెనక్కి పోలేదు. మేస్త్రి ఇంట్లోనే తిని, మేస్త్రి చేతే తిట్లు తిని పెద్దవాడయ్యాడు. ఇప్పుడు వాడికీ పెళ్ళాం, ఒక కూతురు. పని పూర్తయ్యాక బండి వేసుకుని అలా ఒక రౌండు కొట్టి రావడం వాడికి ఈమధ్య అలవాటైంది.

"నేను విన్నాక నీ రౌండేంట్రా? పెట్రోలు దండగ," అనేవాడు మేస్త్రి.

"గాలి తగలద్దా బావా," అని నవ్వుకుంటూ పోయేవాడు వాడు.

ఇలా సాగుతుండగా ఒక మధ్యాహ్నం మందుల ఆవిడ వచ్చింది. ఊళ్ళ వెంట తిరిగి మందుల షాపులకు సరుకు చేరవేసే ఉద్యోగం ఆవిడది. ముందు గాలి ఆపే పెద్ద అద్దం, అద్దం కింద రెండు స్పీకర్లు ఉన్న పాత బండి. ఎవరో వాడి వదిలేసినదాన్ని కొనుక్కుంది. దారిలో నిద్ర ముంచుకొస్తుందని పాటలు పెట్టుకుంటుంది. కొన్నాళ్ళ కిందట వచ్చి, శబ్దం బరబరమంటోందనీ, తన దగ్గర పెద్దగా డబ్బు లేదనీ ముందే చెప్పేసింది. మేస్త్రి కళ్ళు మూసుకుని విన్నాడు. "వైర్లు బాగున్నాయి, ఆంప్ బాగుంది. స్పీకర్లే చచ్చాయమ్మా," అని తేల్చి, తక్కువలో మంచి జత తెప్పించి బిగించాడు. ఇప్పుడు ఆవిడ బండి దిగి హెల్మెట్ తీస్తే రెండు చెవుల్లోనూ దూది ఉంది.

"మేస్త్రి గారూ, మీ స్పీకర్లకీ నాకూ పడట్లేదండీ."

"ఏమ్మా, మాట వినపడట్లేదా?"

"వినపడకేం! పాటలో 'స' వచ్చినప్పుడల్లా చెవిలో బ్లేడు పెట్టి గీసినట్టుంది. నిద్ర రాకుండా పాటలు పెట్టుకునేదాన్ని. ఇప్పుడు పాట లోపలికి రాకుండా దూది పెట్టుకుంటున్నా."

మేస్త్రికి చిర్రెత్తుకొచ్చింది. ఆ షెడ్డులో నిలబడి ఆయన బిగించినదాన్ని బాగాలేదన్నవాళ్ళు లేరు. అయినా తమాయించుకుని స్టూలు లాక్కున్నాడు. పాట పెట్టించి కళ్ళు మూసుకున్నాడు. మెత్తగా, గుండ్రంగా వినపడింది. గీతా లేదు, బ్లేడూ లేదు. నిజం చెప్పాలంటే పై గొంతు ఇంకా కాస్త లేస్తే బాగుండునని కూడా అనిపించింది. చెయ్యి చాచి ట్రెబుల్ మీట పైకి తోయబోయాడు. అది కదల్లేదు. అప్పటికే పై కొసన ఉంది. పైకి ఎవరు తోశారో ఆయనకి తెలుసు, తనే.

కళ్ళు తెరిచి చూస్తే బావమరిది మొహం చిట్లించుకుని, ఒక భుజం చెవి దాకా ఎత్తి నిలబడి ఉన్నాడు. పక్క టైర్ల షాపాయన లేచి వచ్చి, "అబ్బా, ఆపండి సార్," అన్నాడు.

"నా పాతవే మళ్ళీ బిగించెయ్యండి," అంది మందుల ఆవిడ.

"చచ్చిపోయినవాటిని ఏం బిగించమంటారమ్మా?"

"చచ్చినవే నయం. కనీసం పీడించవు."

టైర్ల షాపాయన కిసుక్కుమన్నాడు. మేస్త్రికి తల కొట్టేసినంత పనైంది. "ఒరేయ్, ఈవిడ జత అటక మీంచి దించు," అని కేకేశాడు. తీసేసిన స్పీకర్లను చాలామంది పట్టుకుపోరు. చెత్తలో పారేయడానికి మేస్త్రికి మనసొప్పదు. అవన్నీ అటక మీద పేరుకుని ఉంటాయి. "పాతదొకటీ కొత్తదొకటీ బల్ల మీద పెట్టి మీట తగిలించు. అటొకసారి, ఇటొకసారి మార్చు. ఆవిడే విని చెబుతుంది."

బావమరిది అటక వైపు కదల్లేదు. "ఇప్పుడెందుకు బావా. ఆవిడ అడిగినట్టు బిగించేద్దాం," అన్నాడు.

"నేను చెప్పింది చెయ్యి."

వాడు చేశాడు. ఒకే పాట, రెండు స్పీకర్లు, మధ్యలో ఒక మీట. మొదట టక్కుమని మీట పడగానే ఆవిడ మొహం విప్పారింది. రెండోసారి టక్కుమనగానే చెవుల మీదికి చేతులు పోయాయి. మేస్త్రి కళ్ళు మూసుకుని తేడా కోసం కాచుకుని కూర్చున్నాడు. పాట నడుస్తోంది. మీట పడుతోంది. తేడా రాలేదు. ఏదో ఒకటి అనాలి గనక, ఇంకోసారి మీట పడగానే గబుక్కున అనేశాడు.

"అదిగో! విన్నారా అమ్మా, మీ పాతది ఎంత మొద్దుగా ఉందో? తలగడ కింద పెట్టినట్టు లేదూ?"

టైర్ల షాపాయన నేల చూపులు చూశాడు.

"మేస్త్రి గారూ," అంది మందుల ఆవిడ మెల్లగా, "ఇప్పుడు మోగుతున్నది కొత్తదండీ."

మేస్త్రి కళ్ళు తెరిచాడు. కొత్తదాని కాగితపు బుగ్గ ఆయన ఎదురుగానే అదురుతోంది. పాతది కదలకుండా పడుంది. ఆవిడ కోప్పడి నాలుగు మాటలు అని ఉంటే ఆయనకి ఎంతో తేలికగా ఉండేది. ఆవిడ అలా చెయ్యలేదు. "బండి ఇక్కడే ఉంచుతాను. రేపు పొద్దున వచ్చి పట్టుకెళ్తా, తొందరేం లేదు," అని, జబ్బు మనిషిని చూసి వెళ్ళేవాళ్ళలా నెమ్మదిగా నడిచి వెళ్ళిపోయింది. ఆ జాలి ఆయనకి ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

ఆవిడ మలుపు తిరిగేదాకా ఆగి మేస్త్రి షట్టరు సగానికి దించాడు.

"ఎప్పటి నుంచి?"

"ఏం ఎప్పటి నుంచి బావా?" అని బావమరిది నీళ్ళు నమిలాడు.

"ఒరేయ్, నీకు చెప్పులేసుకోవడం నేర్పినవాణ్ణి. నాకు కథలు చెప్పకు. నాకు సరిగ్గా వినపడట్లేదని నీకెప్పటి నుంచి తెలుసు?"

వాడు స్క్రూడ్రైవర్‌ని గుడ్డతో తుడిచాడు, తుడిచినదాన్నే మళ్ళీ తుడిచాడు. "చాన్నాళ్ళయింది," అన్నాడు చివరికి. "అన్నీ కాదు బావా. పైవి. సన్నగా వచ్చేవి. నువ్వు విన్నాక ప్రతి బండికీ ట్రెబుల్ పైకంటా ఉంటోంది. జనం భరించలేరు. అందుకే…"

"అందుకే?"

"రౌండుకి తీసుకెళ్ళి, మలుపు దాటాక ఆపి, తగ్గించి తెచ్చేవాణ్ణి. ఈవిడ బండి ఇచ్చిన రోజు నేను లేను. పాపకి జ్వరమని ఆసుపత్రిలో ఉన్నా."

మేస్త్రి స్టూలుని కాలితో పక్కకి నెట్టాడు. ఇన్నాళ్ళూ జనం ఆ షెడ్డు ముందు నిలబడి, "మీ చెవి చెవే మేస్త్రీ," అంటుంటే ఛాతీ విరుచుకున్నది తను. ఆ మెప్పంతా మలుపు అవతల, వీడి వేలి కొసన తయారైనది. నలుగురూ మెచ్చుకుంటుంటే వీడు పక్కనే నిలబడి నవ్వేవాడు. గాలి తగలద్దా బావా అనేవాడు.

"నన్ను జోకర్ని చేసి ఆడించావు కదరా."

"అదేం మాట బావా! చెవుల్లో దూది పెట్టుకో, అంత శబ్దం ముందు రోజంతా కూర్చోకు అని ఎన్నిసార్లు చెప్పాను? దూది పెట్టుకుంటే మేస్త్రినెలా అవుతాన్రా అని నన్నే తిట్టావు. నీకు తెలియకుండా నెట్టుకొద్దామన్నది అక్క."

అక్క అన్న మాట వినగానే మేస్త్రి షట్టరు పూర్తిగా ఎత్తి, చొక్కా మార్చుకోకుండానే ఇంటిదారి పట్టాడు.

భార్య మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మొగుడి వాలకం చూడగానే సంగతి బయటపడిందని ఆమెకి అర్థమైపోయింది. చేతిలోని దుప్పటి మడత ఆపలేదు.

"నీకెలా తెలిసింది?" అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"బట్టలుతికే మిషన్ పనైపోయాక కూత పెడుతుంది కదండీ. ఒకరోజు మీరు దాన్ని ఆనుకునే కూర్చున్నారు. అది కూస్తోంది. మీరు నా వంక చూసి, ఇంకా అవలేదేంటే అన్నారు." ఆమె దుప్పటిని ఇంకో మడత పెట్టింది. "ఆ రోజు వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. తర్వాత తమ్ముడికి చెప్పాను."

"నాకు చెప్పాలనిపించలేదా? ఇంటిల్లిపాదీ కలిసి నా చెవిలో పువ్వులు పెడతారా?"

"చెబితే ఏం చేసేవారు?"

"షాపు మూసేసేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు," అంది ఆమె. దుప్పటి పక్కన పడేసి మంచం మీద కూర్చుంది. "మీరు ఇంకే పనీ చెయ్యలేరని కాదండీ. పొద్దున లేచి ఆ స్టూలు మీద కూర్చోవడానికి వెళ్ళేటప్పుడు మీ మొహం ఎలా ఉంటుందో మీకు తెలీదు. నాకు తెలుసు. దాన్ని నా నోటితో పోగొట్టలేకపోయాను. తప్పే. నాకు ధైర్యం చాల్లేదు."

మేస్త్రి అరవాలనే వచ్చాడు. ఆ మాట విన్నాక అరుపు గొంతులోనే ఆగిపోయింది. ఆమె ఎదురుగా కుర్చీలో కూలబడ్డాడు. కోపం దిగిపోతూ ఉంటే దాని కింద ఉన్న భయం బయటికి వచ్చింది. ముందు ముందు ఏమవుతుందో, ఇంకా ఏమేం వినపడకుండా పోతాయోనన్న భయం. ఆ భయం కింద ఇంకొకటి ఉంది. అది తగిలేసరికి ఆయన చటుక్కున తల ఎత్తాడు.

"ట్రెబుల్ అంటే వాడు తగ్గించాడు. మరి స్పీకర్లో?"

"ఏ స్పీకర్లు?"

"చచ్చాయని నేను తీయించేసినవి. ఈవిడవి చావలేదు. నేనే చంపాను. అలా ఇంకెన్ని?"

ఆమెకి ఆ సంగతి తెలియదు. తమ్ముడు చెప్పలేదు. ఆ పూట ఆయన ఆమె పెట్టిన పళ్ళెం ముందు కూర్చుని, మెతుకులు కెలికి లేచిపోయాడు.

మర్నాడు మేస్త్రి వెళ్ళేసరికి బావమరిది మందుల ఆవిడ బండికి పాత స్పీకర్లు బిగించేసి, గూడు చుట్టూ కొత్త ఫోమ్ పట్టీ కూడా అంటిస్తున్నాడు. ఆవిడ స్టూలు మీద కూర్చుని చూస్తోంది. మేస్త్రి లోపలికి రాగానే లేవబోయింది. కూర్చోమని సైగ చేశాడు.

"అమ్మా, మీవి బాగానే ఉన్నాయి. గూడు దగ్గర సందుంది, అందుకే బరబరలాడాయి. ఆ పట్టీ అంటిస్తే సరిపోయేది. నాకు పై గొంతులు వినపడటం మానేశాయి. నాకు వినపడకపోతే స్పీకరు చచ్చిందనుకున్నాను," అన్నాడు. అంత పొడుగు మాట ఆయన ఇంటి దగ్గర నుంచి కట్టుకుని వచ్చాడు.

బావమరిది చేతిలో పట్టీ అలాగే పట్టుకుని ఉండిపోయాడు. ఆవిడ బండి మీది పాత స్పీకరు వంక చూసింది. "మా నాన్నకి కూడా ఇలాగే ముందు సన్నవి పోయాయండీ," అంది. "ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు."

"ఒప్పుకుంటే సరిపోదమ్మా," అన్నాడు మేస్త్రి. బావమరిది వైపు తిరిగాడు. "ఈమధ్య నేను తీయించినవి అన్నీ అటక మీదే ఉన్నాయా?"

"ఉన్నాయి గానీ… వదిలెయ్ బావా. వాళ్ళంతా హాయిగా తిరుగుతున్నారు. నేను సరిచేసి ఇచ్చినవే కదా. ఎవరూ ఏమీ అనలేదు."

"ఎందుకంటారు? చెవి మేస్త్రి చెప్పాడుగా! దించు."

ఆవిడని ఇంకాస్సేపు ఉండమని బతిమాలాడు. రోజంతా స్పీకరు ముందే ఉండేది ఆవిడ గనక, ఆవిడ చెవి కూడా సాక్ష్యం కావాలన్నాడు. బావమరిది నిచ్చెనేసి దించాడు. దుమ్ము దులిపి, ఒక్కొక్కటీ బల్ల మీది వైరుకి తగిలించి, పాట పెట్టి, విని చెప్పడం వాడి పని. విని చెప్పినదాన్ని కుడివైపో ఎడమవైపో పెట్టడం మేస్త్రి పని. బాగున్నవి కుడివైపు, పోయినవి ఎడమవైపు.

మొదటి జత రొట్టెలు పంచే అబ్బాయిది. మాటలు రానివాడు. వెనక ఎక్కే చెల్లెలి కోసం పాటలు పెట్టించుకునేవాడు. స్పీకర్లు మార్చాలని మేస్త్రి చెబితే, జేబులోంచి తీసినదంతా బల్ల మీద పెట్టి, సరిపోతుందా అన్నట్టు చూశాడు.

"బాగుంది," అన్నాడు బావమరిది.

మేస్త్రి కుడివైపు పెట్టాడు. తర్వాతది ఈత నేర్పే మాస్టారిది.

"ఇదీ బాగానే ఉంది బావా."

దాని తర్వాతది గేటు దగ్గర కాపలా కాసే ముసలాయనది. మార్చడం తప్పదా అని ఆయన ఒకటికి నాలుగుసార్లు అడిగాడు. తప్పదని తను నవ్వుతూ భుజం తట్టాడు. ఆ తట్టడం మేస్త్రికి అరచేతిలో ఇప్పుడు కూడా తెలుస్తోంది. ముసలాయన స్పీకరు పాడుతోంది. బావమరిది బాగుందన్నట్టు తల ఊపాడు. మేస్త్రి దాన్ని రెండు చేతుల్తో ఎత్తి కుడివైపు పెట్టాడు.

అలా ఒక్కొక్కటీ వస్తూనే ఉంది. ఒకటో రెండో నిజంగానే చినిగి పోయినవి వచ్చాయి. చిరుగు కంటికే కనపడుతోంది గనక వాటికి ఎవరి చెవీ అక్కర్లేకపోయింది. మిగతావన్నీ కుడివైపే చేరాయి. ఆ వరస బల్ల దాటి, గట్టు దాటి, నేల మీదికి దిగింది. ఒక్కో దాని వెనకా ఒక మనిషి మొహం, ఆ మనిషి నమ్మకంగా తల ఊపిన తీరు మేస్త్రికి గుర్తొస్తూనే ఉన్నాయి. తక్కువ డబ్బున్నవాళ్ళకి తను అండ అనుకున్నాడు. పక్క షాపులో దొంగ ఉంటే వీళ్ళు జాగ్రత్తపడేవారు. తన దగ్గర ఆ జాగ్రత్త పడనక్కర్లేదనే వచ్చారు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

బావమరిది అది చూశాడు. ఇంకో స్పీకరు తగిలించాడు. పాట మొదలైంది. వాడు వెంటనే ఆపేశాడు.

"ఇది మాత్రం పోయింది బావా. పూర్తిగా పోయింది. దీన్ని మార్చి మంచి పని చేశావు," అన్నాడు గట్టిగా.

మేస్త్రి దాన్ని అందుకున్నాడు. ఎడమవైపు పెట్టబోతూ మందుల ఆవిడ వంక చూశాడు. ఆవిడ కనుబొమలు ముడిచి బావమరిదిని వింతగా చూస్తోంది. మేస్త్రి చూపు తగలగానే తల దించేసుకుంది.

ఆయన ఆ స్పీకరుని కుడివైపు వరసలో పెట్టాడు.

"తర్వాతది తగిలించరా," అన్నాడు.